రెండు హైమల గీత

పూర్వం కిలో అంటే ఎంతో తేల్చడానికి ఒక లోహపు దిమ్మను గాజు గంటల కింద భద్రంగా దాచేవారట. దాని దగ్గర గట్టిగా ఊపిరి కూడా పీల్చేవారు కాదట. ఆ దిమ్మకు పెళ్లి కాలేదు కాబట్టి సరిపోయింది. నాకు పెళ్లయింది. పైగా గాజు గంట కింద కూర్చునే నేను వంట కూడా చేయాలి.

నా పేరు హైమవతి. ఎం.ఏ. ఎకనామిక్స్, సెకండ్ క్లాసు. విశాఖపట్నంలో సముద్రం సగం కనిపించే ఫ్లాట్‌లో ఉంటాం. మిగతా సగానికి అడ్డంగా ఎదుటివాళ్ల వాటర్ ట్యాంకు ఉంది. ప్రపంచంలో ఏ దేశపు బ్యాంకులు, కోర్టులు, ఆఫీసులు ఎంత నమ్మదగ్గవో కొలవడానికి ప్రమాణం నేనే.

మా ఆయన డాక్టర్ కామేశం. ఆయన యంత్రం రాకముందు ఈ ర్యాంకుల పని వేరేలా నడిచేది. వ్యాపారస్తులను మంచి హోటల్లో కూర్చోబెట్టి, "మీ దేశంలో కోర్టులు సక్రమంగా పనిచేస్తాయా? ఏడింటికి ఎన్ని మార్కులు వేస్తారు?" అని అడిగేవారు. టీ బాగుంటే ఆరు వేసేవారని నా అనుమానం. ఆ మార్కులన్నీ కలిపి, దేశాలను పరీక్ష రాసిన పిల్లల్లా వరసలో నిలబెట్టేవారు.

కామేశం గారు మనిషి నోటిని నమ్మరు. వేళ్లను నమ్ముతారు. ఆ నమ్మకం ఆయనకు రిజిస్ట్రేషన్ ఆఫీసులో కలిగింది. మా ఫ్లాట్ కాగితాల ఒరిజినల్ అడిగితే గుమస్తాకి అందించాను కానీ వదల్లేదు. ఆయన లాగాడు. నేనూ లాగాను.

"అమ్మా, వదిలితే కదా తీసుకునేది," అన్నాడాయన.

"జెరాక్స్ తీయించలేదండీ."

"నేనేం తినేస్తానా తల్లీ?"

వెనక లైన్లో వాళ్లంతా నవ్వారు. మా ఆయన మాత్రం నవ్వలేదు. నా బొటనవేలి వంకే చూస్తూ ఉండిపోయారు. పెళ్లయ్యాక నా చేతిని ఆయన అంత శ్రద్ధగా చూడటం అదే మొదటిసారి.

అలా పుట్టింది పట్టుమాపి. బొటనవేలికి తొడుక్కునే ఉంగరం. ఒరిజినల్ కాగితాన్ని అవతలి చేతికి అందించాక, వేళ్లు దాన్ని నిజంగా వదలడానికి ఎంతసేపు పడుతుందో అది కొలుస్తుంది. వ్యవస్థలు సరిగ్గా ఉన్నచోట మనుషులు చటుక్కున వదిలేస్తారు. లేనిచోట వేళ్లు ఇంకాసేపు పట్టుకుంటాయి. మనిషి గ్రహించేలోపే వేళ్లకు తెలిసిపోతుంది. కావాలని బిగపడితే చెమటను బట్టి, నరం వణుకును బట్టి ఉంగరం కనిపెట్టేస్తుంది. దాదాపు అన్ని దేశాల్లోనూ ఏటా ఒక నెల వేలాది మంది దాన్ని తొడుక్కుంటారు. సగటు తీస్తారు. ర్యాంకులు వస్తాయి.

అయితే ఏటికేడు యంత్రాన్ని సరిచూసుకోవడానికి మారని మనిషి ఒకరు కావాలి. మొదట్లో గ్రాంటు లేదు. ఇంట్లో మనిషి ఉంది. ఆ మనిషి పట్టుకు, తమాషాకే, ఒక "హైమ" అని పేరు పెట్టారు. తర్వాత ప్రపంచ మండలి ఈ యంత్రాన్ని తలకెత్తుకుంది. ప్రమాణం మారిస్తే పాత అంకెలన్నీ చెత్తబుట్టకే కనుక నన్ను మార్చడానికి ఇక వీల్లేకపోయింది. మా ఆయన తాళి కట్టినప్పుడు కూడా నాకు ఇంత గ్యారంటీ ఇవ్వలేదు.

మండలి ఒక గీత గీసింది. రెండు హైమలు. నేను కాగితం వదిలే సమయానికి రెట్టింపు దాటి పట్టుకునే దేశం గీతకు అవతల. అవతలి దేశపు బ్యాంకు హామీ పత్రం రాస్తే బయటి బ్యాంకులు చెల్లవంటాయి. చెల్లకపోతే ఓడల్లో సరుకు రాదు. గీత ఆయుష్షు ఏడాది. నా పట్టు కొలిచే రోజున మధ్యాహ్నం పన్నెండుకు పాత గీత చెరిగిపోతుంది, కొత్తది పుడుతుంది.

కొలతకు ముందు నెలను మా ఇంట్లో స్థిరమాసం అంటారు. టీవీ లేదు, పేపరు లేదు. ఆ నెలంతా నాతో ఎవరూ అబద్ధం ఆడకూడదని రూలు. దాంతో చుట్టాలు చాలామంది ఫోను చేయడమే మానేశారు. పక్కింటి సువర్చల మాత్రం పాపం ధైర్యం చేసి, "నీ పులిహోర ఎప్పుడూ కాస్త ముద్దయిపోతుంది హైమా," అని చెప్పి పారిపోయింది.

తలావి ఈ మధ్యలోకి ఎలా వచ్చిందో చెప్పాలి. అదొక చిన్న ద్వీపదేశం. మా చెల్లెలు కుముద, ఆమె భర్త జోగారావు అక్కడ ఐసు ఫ్యాక్టరీ నడుపుతారు. జోగారావుకు మూత్రపిండాలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. కిందటేడు సరిగ్గా కొలత నెలలోనే తలావి ప్రభుత్వం భూముల కాగితాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కిస్తామంది. పాతవి తెచ్చి ఇమ్మంది. జనం వేళ్లు బిగుసుకున్నాయి. తలావి వెంట్రుకవాసిలో గీతకు అవతల పడింది. పడ్డాక జనం ఇంకా భయపడ్డారు. వేళ్లు ఇంకా బిగిశాయి. కొలిచినందువల్లే జబ్బు ముదిరింది.

ఈ ఏడు కొలత రోజు పొద్దున్న ఇడ్లీ పెడుతూ అడిగాను. "జోగారావు ఎలా ఉన్నాడటండీ?"

"మొన్న మాట్లాడాను. చక్కగా మాట్లాడాడు."

"మనిషి ఎలా ఉన్నాడని అడిగాను."

"కొబ్బరి చట్నీ ఇంకాస్త వెయ్యి హైమా."

ఆయన చట్నీ రెండోసారి అడగరు. అది నాకు తెలుసు. గాజు గంట కింద ఉన్నాను కదా అని ఊరుకున్నాను. ఏటా చేసినట్టే ధ్రువపత్రం మీద సంతకం పెట్టాను: "స్థిరమాసంలో కొలత సంస్థ నాతో అబద్ధమాడలేదు, నా నుంచి ఏమీ దాచలేదు." ఆఖరున నేను చేతికందించాల్సిన కాగితం అదే. కొలిచే సంస్థ కూడా ఒక సంస్థే కనుక దాన్నీ కొలవాలని మండలి నియమం.

నన్ను తిప్పడానికి ఫర్జానా వచ్చింది. మా ఆయన దగ్గర పనిచేసే పిల్ల, చురుకైనది, కారు మాత్రం ఆటోలా నడుపుతుంది. ముందు బ్యాంకు. డిపాజిట్ బాండు అందించాను, వేళ్లు వదిలాయి. తర్వాత రిజిస్ట్రేషన్ ఆఫీసు.

"ఒక హైమ, కచ్చితంగా," అంది ఫర్జానా ట్యాబ్ చూసి. "మీరు దేవత ఆంటీ."

"దేవతలకి రోజుకోసారి నైవేద్యం పెడతారు. మీ సంస్థ నాకు ఏడాదికో బొకే పంపుతుంది."

ఆ పిల్ల నవ్వింది కానీ నా మొహం చూడలేదు. పొద్దున్నుంచీ చూడటం లేదు. కారెక్కాక అడిగాను. "నీ ఫోను ఒకసారి ఇస్తావా? మా పనమ్మాయికి చెప్పాలి, పాలు స్టవ్ మీదే వదిలేశానని."

నాతో ఎవరూ అబద్ధమాడకూడదని రూలు ఉంది. నేను ఆడకూడదని ఎక్కడా లేదు.

కుముద నంబరు నాకు కంఠతా. ఒక్క రింగుకే ఎత్తింది. తెలియని నంబరు కదా, నా గొంతు వినకుండానే మొదలుపెట్టేసింది. అక్కడి ఆస్పత్రుల్లో మనవాళ్లే ఎక్కువ, తెలుగులోనే అడిగింది.

"డయాలసిస్ సెంటరాండీ? ఈ వారమైనా రెండోసారి పెడతారా? మనిషికి కాళ్లు పొంగిపోయాయండీ, పడుకుంటే ఊపిరి అందడం లేదు. ఒక్కసారి చేసి పంపేస్తే ఎలాగండీ? ద్రావణం బ్యాగులు ఓడలో ఉన్నాయన్నారు కదా, ఆ ఓడ ఎప్పుడొస్తుందో అదైనా..."

"కుముదా."



"అక్కా... నువ్వేటి, ఈ నంబరు నుంచి..."

"ఒక్కసారా? వారానికి ఒక్కసారా?"

"నీకు చెప్పొద్దన్నారు బావగారు," ఏడుస్తోంది. "నువ్వు కంగారు పడితే కొలత చెడిపోద్దట. చెడిపోతే తలావి ఇంకో ఏడాది అక్కడే ఉండిపోద్దట. ఈయన కూడా అదే అన్నారు, మీ అక్కకి చెప్పకు, గుండె రాయి చేసుకో అని. ఇప్పుడేటి చేశానక్కా? చెడిపోయిందా?"

"ఏమీ చెడలేదు. నువ్వు నోరు మూసుకుని ఆయన దగ్గర కూర్చో."

ఫోను తిరిగిచ్చాను. ఫర్జానా కారు పక్కకు ఆపేసింది.

"నీకూ తెలుసా?"

"తెలుసు ఆంటీ. సార్ మీద రిపోర్టు రాయమంటారా? కొలత ఆపేయమంటారా?"

"ఇంకా కరెంటు ఆఫీసు ఉంది కదా. పద."

నా లెక్క నేను వేసుకుంటున్నాను. సెకండ్ క్లాసే గానీ కూడికలు వచ్చు. నా పట్టు పెరిగితే హైమ పెద్దదవుతుంది. హైమ పెద్దదైతే రెండు హైమల గీత అవతలికి జరుగుతుంది. తలావి ఇవతలికి వస్తుంది. అంటే నాకు నిజం తెలియడం తలావికి మంచిదే. చెడిపోతుందని కుముదకు చెప్పిన మాట తిరగేసిన లెక్క. మా ఆయన లెక్క తిరగేయరు. పొరపాటున అసలే తిరగేయరు.

కరెంటు ఆఫీసులో మీటరు కాగితం అందించేటప్పుడు, ఈసారి వేళ్లు బిగుస్తాయని ఎదురుచూశాను. ఒట్టు, కోరుకున్నాను కూడా. కౌంటర్లో కుర్రది నవ్వి చెయ్యి చాపింది. నా వేళ్లు చటుక్కున వదిలేశాయి.

"ఒక హైమే," అంది ఫర్జానా నమ్మలేనట్టు.

ఆ కౌంటరు నాకేం ద్రోహం చేసింది కనుక?

లాబ్ కొండవాలు మీద ఉంటుంది. కొలత గదిలో ఒక బల్ల, అటు ఒక కుర్చీ, ఇటు ఒక కుర్చీ. గోడ మీద పెద్ద తెర; తెర మీద మండలి పరిశీలకురాలు, తెల్లజుట్టు మనిషి, ఎక్కడో వాళ్ల ఊళ్లో కూర్చుని కళ్లజోడు తుడుచుకుంటోంది. ఆమె వెనక రెండో తెర మీద దేశాల పేర్లు వరసగా, పక్కన అంకెలు లేకుండా, హాల్ టికెట్లు పట్టుకుని నిలబడ్డట్టు ఉన్నాయి. అడుగు నుంచి మూడో వరసలో తలావి.

మా ఆయన ఇస్త్రీ చొక్కాతో కూర్చున్నారు. స్వీకర్త ఆయనే. నియమం ప్రకారం స్వీకర్త కాగితం అంచు పట్టుకోవాలి, లాగకూడదు. ఇచ్చేవాళ్లు వదిలేవరకూ ఆగాలి. స్వీకర్తే ముందు వదిలేస్తే కొలత లేదు. మళ్లీ తీయడానికీ లేదు. ఏటేటా అల్లుకొచ్చిన గొలుసు అక్కడితో తెగినట్టే. ఆయన జీవితమంతా ఆ గొలుసే.

ధ్రువపత్రం ఆయన వైపు చాపాను. ఆయన రెండు వేళ్లతో అంచు పట్టుకున్నారు.

నేను వదల్లేదు.

ఇది మాత్రం నిజం చెబుతున్నాను, నేను వదలాలనే అనుకున్నాను. వదిలేసి ఇంటికెళ్లి, మిగతాది అక్కడ చూసుకుందామనుకున్నాను. వేళ్లు ఒప్పుకోలేదు. చలికి కొంకర్లు పోయినట్టు, అవి నావి కానట్టు, కాగితం మీద అలాగే ఉండిపోయాయి.

"హైమా," అన్నారు నెమ్మదిగా.

"కుముదతో మాట్లాడాను."

ఆయన కళ్లు ఒకసారి ఫర్జానా వైపు తిరిగి మళ్లీ నా మీదికి వచ్చాయి.

"వారానికి ఒక్కసారి. కాళ్లు పొంగాయట. మీరు చక్కగా మాట్లాడాడన్నారు."

"మాట్లాడాడు. అబద్ధం కాదది."

"నా పట్టు పెరిగితే తలావి ఇవతలికొస్తుంది. ఈ లెక్క మీకు రాదా?"

"వచ్చు."

"అందుకే చెప్పలేదా?"

మామూలు మొగుడైతే ఇక్కడ ఏదో ఒకటి చెప్పేవాడు. "అందుకే చెప్పలేదు," అన్నారాయన.

ఫర్జానా ట్యాబ్ చూసి చెప్పింది. "సార్, మూడు దాటింది. నటన కాదు సార్. వేళ్లు నిజంగానే వదలడం లేదు."

"నీ మరిది కోసం కొలబద్ద సాగదీస్తే, రేపు ఎవరి మరిది కోసం సాగదీయాలి?" ఆయన గొంతు ఎక్కువ పెరగలేదు. "గీత అవతల తలావి ఒక్కటే లేదు హైమా. జనం సొమ్ము నిలువునా మింగేసే ప్రభుత్వాలూ ఉన్నాయి. నీ వేళ్లు ఇలాగే ఉంటే వాళ్లు కూడా దర్జాగా ఇవతలికి నడిచొస్తారు. అది సమ్మతమేనా నీకు?"

"కాదు."

"మరి?"

"మరి నేను కాదండీ పట్టుకున్నది. మీ యంత్రం చెప్పింది కదా. బ్యాంకుకి ఒక హైమ, కరెంటు ఆఫీసుకి ఒక హైమ. మీకు మూడు."

"నాలుగున్నర," అంది ఫర్జానా, అడగకపోయినా.

తెర మీది పరిశీలకురాలు ఏదైనా ఇబ్బంది ఉందా అని మర్యాదగా అడిగింది. ఆమె గోడ గడియారం చూసుకుంది. పన్నెండు దగ్గర పడుతోంది. రెండో తెర మీద దేశాల పేర్లన్నీ అలాగే నిలబడి ఉన్నాయి. ఇంతసేపు పట్టుకున్నాక నేను వదిలితే, గీత అంత దూరం జరిగి అన్ని దేశాలూ పాసు, అట్టడుగున ఉన్న దొంగలతో సహా. ఆ పాసుకు ఆధారం ఏమిటంటే, సంస్థ నా నుంచి ఏమీ దాచలేదని నేను సంతకం పెట్టిన కాగితం. కింద స్వీకర్త సంతకం కోసం ఖాళీ ఉంది.

ఆయన కూడా ఆ ఖాళీనే చూస్తున్నారు.

నుదుటి మీద చెమట చూస్తే నాకు జాలేసింది. పాతికేళ్లుగా ఆ చెమట తుడవడానికి నేనే కొంగు ఇచ్చాను. ఈసారి చెయ్యి ఖాళీ లేదు.

"ఇది అబద్ధపు కాగితం," అన్నారాయన చివరికి. నాతో కాదు, తెరతో. ఇంగ్లీషులో, పరీక్షలో వైవా చెబుతున్నట్టు. "సంస్థ తన ప్రమాణం దగ్గర నిజం దాచింది. దాచింది నేను. దీన్ని నేను స్వీకరించలేను."

వేళ్లు తీసేశారు.

కాగితం నా చేతిలోనే వేలాడింది. ఫర్జానా ట్యాబ్ ఒకసారి పిచ్చుకలా కూసి ఊరుకుంది. పరిశీలకురాలు కళ్లజోడు పెట్టుకుని, తీసి, మళ్లీ పెట్టుకుంది. పన్నెండు కొట్టింది. పాత గీత చెరిగింది. కొత్తది పుట్టలేదు. తెర మీద దేశాల పేర్లన్నీ అక్షరక్రమంలోకి సర్దుకున్నాయి. నాకు వాటిని చూస్తే బెల్లు కొట్టాక బడి వదిలిన పిల్లలు గుర్తొచ్చారు.



తర్వాత జరిగినవి పేపర్లో మీరు చదివే ఉంటారు. మండలి ఉంగరాలన్నీ వెనక్కి తెప్పించింది. మళ్లీ హోటల్లో టీ మొదలైందట. అట్టడుగు దేశం ఒకటి గీత లేని సందులో దొరికినంత అప్పు తెచ్చుకుని, నాయకుడికి రెండో విమానం కొనిపెట్టింది. ఆ వార్త మా ఆయన నాకు స్వయంగా చదివి వినిపించారు, ఒక్క అక్షరం మింగకుండా.

గీతే లేదు కనుక తలావి బ్యాంకు హామీ మళ్లీ చెల్లింది కానీ, ఓడ కదలడానికి మేం అనుకున్నదానికంటే ఆలస్యమైంది. ఆ మధ్యలో ఒక వారం కుముద ఫోను మోగితే ఎత్తడానికి నాకు చెయ్యి రాలేదు. ఓడ చేరింది. జోగారావుకు మళ్లీ వారానికి మూడుసార్లు చేస్తున్నారు. గుండె మాత్రం కాస్త దెబ్బతింది. మెట్లెక్కలేడు, ఫ్యాక్టరీ కింది గదిలోనే మంచం వేయించుకున్నాడు. మొన్న వీడియోలో కనిపించి, "వదినగారూ, మీ చేతిలో కాగితం పెట్టాలంటే భయమేస్తోందండీ," అని నవ్వాడు. సగం మనిషయ్యాడు. నవ్వు మాత్రం అంతే ఉంది.

మా ఆయన ఇప్పుడు ఇంట్లోనే ఉంటున్నారు. కూరలు తరుగుతారు, అన్నీ ఒకే కొలతలో. ఆ రోజు వేళ్లు ఎవరి కోసం తీశారని సువర్చల నన్ను గుచ్చి గుచ్చి అడుగుతుంది. జోగారావు కోసమా, నా కోసమా, లేక తన కొలబద్దకు మచ్చ అంటకూడదనా? అది కొలిచే యంత్రం ఎక్కడా లేదు. ఆయన్ని అడిగితే సరిపోతుంది. అడిగితే ఆయన నిజమే చెబుతారు.

అందుకే ఇంకా అడగలేదు.